మాటలేని చిత్రమునకు ప్రస్తుతార్థ మేది? – ట్రంకా ‘చేయి’ చిత్రమును చూచినవారి భిన్నదృష్టులు

ప్రొద్దు గ్రుంకినది అను చిన్న వాక్యమును తీసికొని, వినువారిని బట్టి దాని అర్థ మెట్లు మారునో మమ్మటుడు కావ్యప్రకాశమున చూపించెను. సేనానికి అది శత్రువుపై పడుటకు తరుణ మని తోచును. పసులకాపరికి మందను మళ్లింపవలయునని తోచును. ప్రియునికై వేచియున్న దానికి వేరొకటి, సంధ్య వార్చవలసినవానికి మరియొకటి. వాక్య మొక్కటే, వాచ్యార్థమును ఒక్కటే. వ్యంగ్యములు మాత్రము వినువా రెందరో అన్ని. ఈ ఉదాహరణమును మన విద్యార్థు లందరును ఎరుగుదురు. అయితే అచ్చట ఒక మాట యున్నది. ఆ మాటయొక్క వాచ్యార్థ విషయమున ఎవరికిని తగవు లేదు. మాటయే లేని కళారూపమున, బొమ్మల కదలికయు సంగీతమును తప్ప మరేమియు లేనిచోట, ఈ వాచ్యవ్యంగ్య విభాగ మెంతవరకు నిలుచును? చూచువా రందరికిని సమానమైన వాచ్య మొకటి యుండునా, లేక మొదటినుండియు ఎవరి కథ వారిదేనా?

ఈ ప్రశ్నను ఒక చిత్రముయొక్క చరిత్రనుబట్టి విచారింపదలచితిమి. చెకొస్లొవాకియా దేశీయుడైన యిర్షీ ట్రంకా 1965లో నిర్మించిన ‘రుకా’, అనగా ‘చేయి’ అనునది ఆ చిత్రము. బొమ్మలను కొద్దికొద్దిగా కదల్చుచు, కదల్చిన ప్రతిసారియు కెమేరాతో పట్టుచు కూర్చిన యానిమేషను చిత్రమిది. నిడివి సుమారు 18 నిమిషములు. ఇందు సంభాషణ లేదు. తెలుగు శాఖవారి పత్రికలో జెక్ దేశపు బొమ్మల చిత్రమునకు చోటేమి యని అడుగువా రుండవచ్చును. అన్యాపదేశమును పాఠముగా చెప్పువారికి ఈ చిత్రచరిత్రకంటె మేలైన ఉదాహరణము దొరకుట కష్టమని మా సమాధానము.

చిత్రమునకు పోవుటకు ముందు ఒక ప్రయోగమును చెప్పవలసియున్నది. అమెరికాలోని స్మిత్ కళాశాలయందు ఫ్రిట్జ్ హైడర్, మేరియాన్ సిమ్మెల్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞు లిరువురు ఒక చిన్న యానిమేషను చిత్రమును తయారుచేసి, దానిని చూచినవారి అభిప్రాయములను 1944లో ప్రకటించిరి. రెండున్నర నిమిషముల ఆ చిత్రమున కనబడునవి నాలుగే ఆకారములు: పెద్ద త్రిభుజ మొకటి, చిన్న త్రిభుజ మొకటి, చిన్న వృత్త మొకటి, తలుపువలె తెరచుకొను భాగము గల దీర్ఘచతురస్ర మొకటి. ముఖములు లేవు, కన్నులు లేవు, శబ్దము లేదు. ఆకారములు తిరుగును, తగులుకొనును, ఆ చతురస్రములోనికి పోవును, వెలికి వచ్చును. చూచినదానిని వ్రాయుడని మొదటి వర్గమున 34 మంది విద్యార్థినులను కోరిరి. కేవల రేఖాగణిత పరిభాషలో వ్రాసినది వారిలో ఒక్కతె మాత్రమే. తక్కినవా రందరును ప్రాణుల కథనే వ్రాసిరి. ఎక్కువమందికి ఆ ఆకారములు మనుష్యులుగా తోచినవి. ఇద్దరికి పక్షులుగా తోచినవి. 36 మంది గల రెండవ వర్గమువారిని ఆ పెద్ద త్రిభుజ మెట్టి స్వభావము గలదని అడుగగా, అది కయ్యమునకు కాలుదువ్వునది, దౌర్జన్యము చేయునది యని దాదాపు అందరును ఒకే తీరున చెప్పిరి. 44 మందికి అదే చిత్రమును వెనుకనుండి ముందునకు త్రిప్పి చూపిరి. అప్పుడును వారు మనుష్యులనే చూచిరి. కాని మొదటి రెండు వర్గములందు కనబడినంత ఏకాభిప్రాయము వీరిలో లేదు.

ఈ ప్రయోగమును ఎవరి భావన వారిదే యనుటకు సాక్ష్యముగా కొందరు చూపుదురు. మేము దీనినుండి గ్రహించునది వేరు. మాట లేకున్నను చూపరులు ఒక ఉమ్మడి కథను చూడగలిగిరి. ఒకడు బలవంతుడు, ఇద్దరు బలహీనులు, నడుమ ఒక ఇల్లు. ఆ బలవంతు డెవడు, ఆ ఇద్దరికిని గల సంబంధ మేమి యనుచోట మాత్రమే దారులు విడిపోయినవి. కావున మాటలేని చిత్రమునందును వాచ్యస్థానీయమైనది ఒకటి కలదు. త్రిభుజమే మనుష్యుడైనపుడు, మనుష్యాకృతి గల బొమ్మ విషయము చెప్పనేల?

ఇక ట్రంకా చిత్రము. ఒక చిన్న గది. అందు విదూషకుని వంటి వేషము గల బొమ్మ యొకటి. వానికొక పూలమొక్క కలదు. దానికొరకు సారెపై కుండలు చేయుట వాని పని, వాని సంతోషము. ఒకనాడు తలుపు తట్టి లోనికి ఒక చేయి వచ్చును. అది బొమ్మచేయి కాదు, తొడుగు ధరించిన నిజమైన మనుష్యహస్తము. బొమ్మ ప్రక్కన అది కొండవలె నుండును. వాడు చేయుచున్న కుండమట్టిని అది పిసికి, చేతి ఆకృతిగా మార్చును. కుండ వలదు, తన ప్రతిమను చేయు మని దాని ఆజ్ఞ. వాడు మట్టిని మరల కుండగా మార్చుకొనును. చేయి మరల వచ్చును; కానుకలతో వచ్చును, ధనముతో వచ్చును, జాలరు తొడుగు వేసికొని విలాసినివలె నర్తించుచు వచ్చును. ఏదియు సాగకపోగా వానిని పట్టి, అవయవములకు దారములు కట్టి, బంగారు పంజరమున పెట్టి, రాతిలో పెద్ద చేతిని చెక్కించును. పతకములతో సన్మానించును. వాడు తప్పించుకొని తన గదికి వచ్చి, తలుపులు కిటికీలు బిగించుకొనును. అప్పుడు ఎత్తుననున్న పూలకుండ జారి తలపై పడగా ప్రాణము విడుచును. చేయి వచ్చి, పతకములతో, అధికార లాంఛనములతో వానికి అంత్యక్రియలు జరుపును. వాత్స్లావ్ ట్రోయన్ కూర్చిన సంగీతము తప్ప వినవచ్చు మాట లేదు.

ఈ కథను తెలుగున చెప్పుట ఎంత సులభమో చూడుడు. చేయి చాచినది, చేయి కలుప జూచినది, చేయి తడిపినది, చేయి చేసికొన్నది, తుదకు చేజిక్కించుకొన్నది. మన నుడికారమునందే ఆ చేతి చేష్ట లన్నియు నున్నవి. చిత్రము మొదటి భాగమున ఆ చేయి అరచేయి చూపి నిలుచునపుడు మనవానికి అభయహస్తము తలపునకు వచ్చిన రావచ్చును. ఆ తలపు మరుక్షణముననే చెదరునుగాని, రాకపోదు.

అప్రస్తుతమును వర్ణించి ప్రస్తుతమును తోపింపజేయుట అప్రస్తుతప్రశంస. అందు సారూప్యముపై ఆధారపడినదానిని అన్యాపదేశ మని, అన్యోక్తి యని వ్యవహరింతుము. పండితరాయ జగన్నాథుడు మన తెలుగువాడు; ఆయన భామినీవిలాసమున మొదటి విలాస మంతయు ఇట్టి అన్యోక్తులే. సింహమును గూర్చిన శ్లోకమును చదివి, ఆ సింహ మెవరు, ఆ ఏనుగు లెవరు అని వెదకని పాఠకుడు లేడు. ఢిల్లీ దర్బారు నెరిగినవా డొకనిని చెప్పును, ఎరుగనివాడు లోకనీతి యని తృప్తిపడును. ‘చేయి’ చిత్రమునందు అప్రస్తుతము స్పష్టము. చేయి బలవంతమైనది, బొమ్మ దుర్బలమైనది, ఆ బొమ్మకు కావలసినది ఒక్క పూలకుండ. ఈ మూటి విషయమున ప్రేక్షకులలో తగవు లేదు. తగ వంతయు ప్రస్తుత మేదను చోటనే.

1965లో ప్రాగ్ నగరమున ఈ చిత్రమును చూచినవాని స్థితిని ఊహింతము. ఆ నగరమున లెత్నా కొండపై స్టాలిన్ స్మారక మొకటి యుండెడిది. 1955 మే నెలలో ఆవిష్కరింపబడిన ఆ రాతి విగ్రహసమూహము పదునైదు మీటరులకు పైబడిన ఎత్తు గలది. స్టాలిన్ విగ్రహములలో దానిని మించినది లేదని చెప్పుదురు. దానిని రూపొందించిన శిల్పి ఒటకర్ శ్వెత్స్ ఆవిష్కరణము జరుగకముందే ఆత్మహత్య చేసికొనెను. 1962లో ప్రభుత్వమే ఆ స్మారకమును మందుగుండుతో కూల్చివేయించెను. మూడేండ్ల వెనుక, రాతిలో పెద్ద చేతిని బలవంతముగా చెక్కు శిల్పిని తెరపై చూచిన నగరవాసికి లెత్నా కొండ తలపునకు రాకుండుట సాధ్యమా? ట్రంకా దానినే మనసులో నుంచుకొనెనని మేము చెప్పుట లేదు. ప్రేక్షకుని దేశకాలములు అతనికి ఏ ప్రస్తుతమును సిద్ధముగా నుంచినవో చెప్పుచున్నాము. వ్యంజనకు తోడ్పడు వైశిష్ట్యములలో దేశకాలములను గూడ మమ్మటుడు లెక్కించుట ఊరకయే కాదు.

ఇంకొక సౌకర్యము గలదు. లెత్నా స్మారకమును కూల్చినది ఆనాటి ప్రభుత్వమే గనుక, చిత్రమునందలి చేతిని గడచిపోయిన వ్యక్తిపూజా కాలమునకు అన్వయించుకొనుట అధికారులకును సాధ్యమే. చేయి నిన్నటిది, మేము నేటివారము అనుకొనిన చాలును. 1945లో ఆ దేశమున చలనచిత్ర పరిశ్రమ జాతీయమైనది. ట్రంకా చిత్రము లన్నియు ఆ పిమ్మటివే. ప్రభుత్వ ధనముతో నిర్మితమైనవి. ఈ చిత్రమును అట్లే నిర్మితమై, ప్రదర్శింపబడి, ఫ్రాన్సు దేశమున ఆన్సీ యానిమేషను ఉత్సవమున 1965లో బహుమానము పొందినది. చేయి యిచ్చిన ధనముతోనే చేతిని గూర్చి చిత్రము తీసెనని కొందరు నవ్వుదురు. ఆ నవ్వులో నిజము లేకపోలేదు.

పశ్చిమ దేశములవారికి ఇట్టి చిక్కు లేకుండెను. ఇనుపతెర వెనుకనుండి వచ్చిన చిత్రము, కాబట్టి చేయి యనగా కమ్యూనిస్టు ప్రభుత్వము, అంతటితో సరి. ఈ అన్వయము తప్పని అనజాలము. కాని చిత్రమునందే దీని కొక అడ్డు కలదు. చేయి బొమ్మకు తెచ్చియిచ్చిన టెలివిజను పెట్టెలో పలువిధములైన చేతులు కనబడును. త్రాసు పట్టిన చేయి యున్నది, దివిటీ నెత్తిన చేయియు నున్నది. దివిటీ నెత్తిన చేయి ఏ దేశపు రేవున నిలిచియున్నదో చూపరులకు చెప్పనక్కరలేదు. తన కుండను తాను చేసికొనువానికి ఏ చేయియైనను చేయియే యను భావము అచ్చట స్ఫురించుచున్నది. తమకు సుఖమైన ప్రస్తుతము దొరకగానే ప్రేక్షకులు కన్నులు మూసికొందు రనుటకు ఇది సాక్ష్యము. ఈ దోషము కావ్యవ్యాఖ్యాతలకును క్రొత్త కాదు.

మాటను చేర్చిన నేమగునో చూచుటకు కెనడాలో నార్మన్ మెక్‌లారెన్ 1952లో తీసిన ‘నైబర్స్’ చిత్రమును పోల్చి చూడవచ్చును. ఇరుగుపొరుగు వారిద్దరు ఒక పూవుకొరకు కలహించి, ఇండ్లు కూల్చి, ఆలుబిడ్డలను చంపి, తామును చత్తురు. ఇందును సంభాషణ లేదు. కాని పొరుగువానిని ప్రేమింపు మను బోధ తుదిలో పలుభాషలలో తెరపై కనబడును. దానితో అర్థమును గూర్చిన తగవు ముగిసినది. మిగిలిన తగవు హింస యెంత యుండవచ్చు నను దొక్కటియే. ఆలుబిడ్డలను చంపు భాగమును మొదట తొలగించి ప్రదర్శించిరి. వియత్నాం యుద్ధకాలమున మరల చేర్చిరి. ఈ చిత్రమునకు ఆస్కారు బహుమతి డాక్యుమెంటరీల వర్గమున వచ్చినది! బొమ్మలవలె కదలు మనుష్యుల కల్పితకథ ఏ విధమున డాక్యుమెంటరీ యగునో బహుమతి నిచ్చినవారికే తెలియవలెను. మాట చేరినచోట తగవు తగ్గినది; దానితోపాటు చిత్రమును మరల మరల చూడవలసిన అవసరమును కొంత తగ్గినదని మా యభిప్రాయము.

మరల ట్రంకాకు వత్తము. చిత్రమును రాజకీయ అన్యాపదేశముగా మాత్రమే చూచువారు తప్పక దాటిపోవు ఘట్టము పూలకుండ పడుట. మేము మొదటిమారు చూచినపుడు ఆ కుండను చేయియే త్రోసినదని తలచితిమి. కొంతకాల మట్లే చెప్పుచుంటిమి. రెండవమారు చూచినగాని మా పొరపాటు తెలియలేదు. కుండను చేయి త్రోయలేదు. అది తనంత జారినది. అనగా మేము చూచినది చిత్రమును గాదు, మేము కట్టుకొనిన అన్వయమును. చేయి దుష్టము గనుక చంపినది చేయియే కావలెనని మా మనస్సు తీర్మానించుకొని, కన్నులకు ఆ దృశ్యమును అప్పగించినది. హైడర్, సిమ్మెల్‌ల విద్యార్థినులను చూచి నవ్వుటకు మా కధికారము లేదు.

కుండ తనంత జారిన దన్నచో కథ మారిపోవును. ఏ మొక్కకొరకు వాడు ధనమును, సుఖమును కాదన్నాడో ఆ మొక్కయున్న కుండయే వానిని చంపినది. కొందరు దీనిని భయముయొక్క ఫలమందురు. చేతికి వెరచి తలుపులు బిగించుకొన్నవానికి తన గదియే మృత్యుస్థానమైనది, కావున పరోక్షముగా చేయియే హంత. కొందరు లోకమునుండి విడివడి తన కళను మాత్రమే కాపాడుకొనువాని గతి ఇట్లే యుండునని బొమ్మనే తప్పుపట్టుదురు. విధివిలాస మనువారును కలరు. మాకు మొదటి అన్వయము ఎక్కువ సమంజసముగా తోచుచున్నది. కాని రెండవదానిని త్రోసిపుచ్చుటకు చిత్రమున ఆధార మేదియు లేదు. అన్యాపదేశమున ప్రతి అప్రస్తుతాంశమునకును ఒక ప్రస్తుతాంశము జతపడవలయునని విద్యార్థులు తలంతురు. చేతికి, పంజరమునకు, పతకములకు జత దొరకినది. కుండ పడుటకు జత దొరకలేదు. అచ్చటనే చిత్రము అలంకారమును దాటి ధ్వని యగుచున్నది.

వేరొక దృష్టి కలదు; అది బొమ్మలాటల నెరిగినవారిది. ట్రంకా 1912లో ప్లజెన్ నగరమున పుట్టెను. చిన్ననాట బొమ్మలాటలో ప్రసిద్ధుడైన యోసెఫ్ స్కూపా ఆయనకు గురువు. ట్రంకా బొమ్మల ముఖములయందు భావము మారదు. వెలుగునుబట్టి, కెమేరా నిలుపుచోటునుబట్టి అదే ముఖము నవ్వినట్లును ఏడ్చినట్లును తోచును. ‘చేయి’లోని బొమ్మముఖమును మొదటినుండి తుదివరకు ఒక్కటే. అనగా ఆ ముఖమున మనము చూచిన దుఃఖ మంతయు మనము పెట్టినదే. అట్టి బొమ్మలకు ప్రాణము పోయునది కెమేరాకు కనబడని నిర్మాత చేయి. తోలుబొమ్మలాటలో తెరవెనుక నుండు చేతినే ఇచ్చట తెరపైకి తెచ్చినట్లున్నది. సూత్రధారుడను మాటకు దారములు పట్టువాడను అర్థము చెప్పుట మనకు తెలిసినదే. ఈ చిత్రమున చేయి బొమ్మకు దారములు కట్టు ఘట్టమును చూచి, ఇది తన చేతిక్రింది బొమ్మలను గూర్చి ఒక సూత్రధారుని పశ్చాత్తాపమా యని అడుగువా రున్నారు. రాజకీయ అన్వయమునకు ఇది విరోధి కాదు. పాలకుని చేయియు కళాకారుని చేయియు ఒకే తొడుగులో నిముడునని చెప్పుట మరింత కఠినమైన విమర్శ. అయినను ఈ అన్వయమును నడివీధిలో చెప్పుకొనువారు తక్కువ. దీనివలన ఎవరికిని కోపము రాదు గదా.

కోపము వచ్చిన కథ వేరు. 1968 ఆగస్టులో సోవియట్ కూటపు సేనలు చెకొస్లొవాకియాను ఆక్రమించినవి. 1969 ఏప్రిలు నుండి హుసాక్ నాయకత్వమున పాతకట్టుబాట్లు మరల బిగిసినవి. చిత్రమున ఒక్క దృశ్యమును మారలేదు. కాని నిన్నటి చేయి యను సౌకర్యము పోయినది. అధికారులు ఆ చిత్రమున తమ్ము చూచుకొనిరి. జాగ్రత్తగా గమనింపుడు: చేతికి ముఖము లేదు, పేరు లేదు, జెండా లేదు. అది మేము కాదని చెప్పుటకు కావలసినంత చోటు చిత్రమునందే కలదు. అయినను నిషేధించుటవలన, అది మేమే యని వారు వ్రాతపూర్వకముగా ఒప్పుకొనినట్లైనది. ప్రస్తుతము నిర్ణయించుటలో విమర్శకులు ఎన్నడును ఏకాభిప్రాయమునకు రాలేదు. నిషేధాధికారికి మాత్రము సందేహము కలుగలేదు. సహృదయు డనగా కావ్యముతో తన హృదయము సమముగా స్పందించువాడు. ఆ లక్షణము ప్రకారము ఈ చిత్రమునకు దొరకిన సహృదయులలో ఆయననుగూడ చేర్చవలెనేమో యని ఒక్కొక్కప్పుడు తోచును. ఆ సహృదయత వలన ఒక తరమువారికి చిత్రము అందకపోయినది గనుక ఇది నవ్వులాట కాదు.

ట్రంకాకు ఇదియే తుది చిత్రము. ఆయన 1969 డిసెంబరు 30న ప్రాగ్ నగరమున మరణించెను, వయస్సు 57. స్వస్థలమైన ప్లజెన్‌లో అంత్యక్రియలు అధికార గౌరవములతో జరిగినవి. జనులును విశేషముగా వచ్చిరి. చిత్రపు తుదిఘట్టమును అంతకుముందు చూచినవారికి ఆ దినమున ఏమి తోచియుండునో చెప్ప బనిలేదు. 1965లో ఎవరికిని సాధ్యముగాని అన్వయ మది. చిత్రకారుని మృతియే దానిని చేర్చినది. అంత్యక్రియలు ముగిసిన కొలది నెలలకే ‘చేయి’ ప్రతులను స్వాధీనపరచుకొని తాళము వేసిరి. 1989లో ప్రభుత్వము మారువరకు, ఇరువది సంవత్సరములపాటు, ఆ దేశమున దానిని బహిరంగముగా ప్రదర్శింపనీయలేదు.